పొయ్యిల లెక్క తప్పిన వారం

ఉద్యోగ జ్ఞాపకాలు రాయమని ముప్పై ఏళ్లు కొలువు చేసి, శాలువా కప్పించుకుని ఇంటికి చేరినవారిని అడగాలి. నేను ఉద్యోగం చేసింది రెండేళ్ల రెండు నెలలు. అయినా మన కళాశాల చర్చావేదికలో ఈ ఏడు చేరిన మీరు, వార్షిక సంచికకు ఏదైనా రాయమని పట్టుబట్టారు. "మీరు గెలిచిన వాదనల్లో గొప్పది ఒకటి" అని విషయం కూడా మీరే నిర్ణయించారు. ఆ షరతును నేను సగమే పాటిస్తున్నాను. ఇది నేను గెలిచిన వాదనే. గెలిచిన మూడు వారాలకు, ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో తెలిసింది.

తిరుపతి నుంచి తిరుచానూరుకు వెళ్లే దారిలో ఒక లాడ్జి పై అంతస్తులో మా కార్యాలయం ఉండేది. కింద యాత్రికులు గదులకోసం బేరమాడుతుంటే, పైన మేము విదేశీ పరిశోధకులు సేకరించిన సర్వే ఫారాలు చదివి, జవాబులను పట్టికల్లోకి ఎక్కించి, నివేదిక తొలిప్రతి రాసి పంపేవాళ్లం. ఉన్నది ముగ్గురం. మా సారు చిత్తూరు కలెక్టరాఫీసులో గణాంకాల విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. రెండో వ్యక్తిని నేను అక్క అని పిలిచేవాడిని. ఆమె నగరిలో మరమగ్గాలు నడిపే కుటుంబంలో మూడో కోడలు. రోజూ పొద్దున్నే పుత్తూరు, వడమాలపేటల మీదుగా బస్సులో వచ్చి, సాయంత్రం అదే దారిన తిరిగి వెళ్లేది. మూడోవాడిని నేను. అక్కడ చేరేనాటికి డిగ్రీ చేతికి వచ్చి ఏడాది. రాష్ట్రస్థాయి చర్చాపోటీల్లో తెచ్చుకున్న కప్పులు ఇంకా దుమ్ము పట్టలేదు.

ఆ ఏడాది మాకు వచ్చిన పని, అమెరికాలోని ఒక ఊళ్లో స్థిరపడిన రెండు వలస సమాజాల ఆర్థిక స్థితిగతులను పోల్చడం. ఒకటి తైవాను నుంచి వెళ్లినవారిది. ఎక్కువమంది పెద్దచదువులకోసం వెళ్లి, ఇంజినీర్లుగానో వైద్యులుగానో కుదురుకున్నవారు. కొందరు హోటళ్ల వంటగదుల్లో పనిచేసేవారూ ఉన్నారు. రెండోది పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవులవారిది. ఒకప్పుడు అమెరికా అణుబాంబులను పరీక్షించింది ఆ దీవుల మీదనే. తరువాత రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం వల్ల వాళ్లు వీసా లేకుండానే అమెరికాలో ఉండి పనిచేసుకోవచ్చు. మాకు వచ్చిన ఫారాల్లో చాలామంది కోళ్ల మాంసం శుభ్రం చేసే కర్మాగారాల్లో పనిచేస్తున్నవారే.

ఈ పోలిక ఎందుకో, మాకు ఆ పని అప్పగించిన అక్కడి పరిశోధకురాలు మొదటి ఉత్తరంలోనే స్పష్టంగా రాసింది. ఆ ఊళ్లో దీవులవారికోసం ఒక సహాయ డెస్కు నడుస్తోంది. వాళ్ల భాష తెలిసిన ఇద్దరు స్త్రీలు జబ్బుపడినవారి వెంట ఆస్పత్రికి వెళతారు, డాక్టరు మాట విప్పిచెబుతారు, కాగితాలు నింపిపెడతారు. ఆ డెస్కును కొనసాగించాలా, ఎత్తివేయాలా అన్నది ఊరి కౌన్సిలు నిర్ణయించబోతోంది. దీవులవారు మిగతావారితో సమానంగా నిలదొక్కుకున్నారని తేలితే ఎత్తివేస్తారు. కౌన్సిలు ముందు పెట్టే కాగితం మేము రాయబోయేదే.

మొదటి వారంలోనే చిక్కు వచ్చింది. అక్క తన కంప్యూటర్ తెరను మావైపు తిప్పింది.

"సూడండి సార్, ఈ యింట్లో పదకొండుమంది ఉండారు. నలుగురు సంపాదిస్తా ఉండారు. దీన్ని ఒక సంసారమని రాసేదా, మూడని రాసేదా?"

సారు తన కుర్చీలోంచి కదలకుండానే, "పొయ్యిలెన్ని?" అన్నారు.

"ఒకటే ఉండాది."

"అయితే ఒకటే సంసారం. నేను సర్వీసంతా అట్లనే రాసినానమ్మా. గడపలు లెక్కపెట్టద్దు, తలకాయలు లెక్కపెట్టద్దు. పొయ్యి చూడండి, చాలు."

"అట్ల కాదు సార్. ఒక పొయ్యి మింద వండుకుంటే మా తోడికోడలి సంపాదన నాదైపోతుందా?"

ఆ పరిశోధన సూచనల పుస్తకం ఇలాంటి ఇళ్ల విషయాన్ని మాకే వదిలేసింది. రాబడి, ఖర్చు ఉమ్మడిగా ఉంటే ఒక కుటుంబంగా రాయండి, లేకపోతే విడివిడిగా రాయండి అన్నంతవరకే చెప్పింది. ఉమ్మడి అని ఎలా గుర్తించాలో చెప్పలేదు. ఇలాంటి సందు కనిపిస్తే మన చర్చావేదికలో పెరిగినవాడు ఊరుకోడని మీకు తెలుసు.

"అక్కా, మూడు మాటలు చెప్తాను" అని లేచి నిలబడ్డాను. బీదవాడి ఇంట్లో పెద్ద ఖర్చు తిండి. తిండి ఒకే గిన్నెలో ఉడుకుతున్నప్పుడు ఖర్చు ఉమ్మడి కాదని అనలేము. ఒక్కొక్క ఇంటిని మన ఊహను బట్టి విడదీస్తే ముగ్గురం మూడు రకాలుగా విడదీస్తాము. అది లెక్క అనిపించుకోదు. చివరగా, ఒకే కొలతను రెండు సమాజాలకూ వాడితేనే న్యాయం. ఇంచుమించు ఇవే మాటలు, ఇంతకంటే నున్నగా చెప్పాను.

"నువ్వు సెప్పేది బాగానే ఉండాదప్పా. బదులు సెప్పేదానికి నాకు మాటలు రాలా. అయినా అది నిజమని నాకు తోచలా."

"తోచకపోవడం వాదన కాదక్కా" అన్నాను.

సారు నవ్వి, "వీడు కోర్టులో ఉండాల్సినోడు, ఈడకొచ్చి పడినాడు" అన్నారు. అక్క కూడా నవ్వింది. ఆ ఫారాన్ని ఒకే కుటుంబంగా ఎక్కించి, తరువాతిది తెరిచింది.

మూడు వారాల్లో పట్టికలు తయారయ్యాయి. ఫలితం చూసి నేను పొంగిపోయాను. రెండు సమాజాల కుటుంబ రాబడి దాదాపు ఒకే ఎత్తున నిలిచింది. దీవులవారి ఇంట్లో నలుగురైదుగురి జీతాలు ఒకే గడిలో కలిసి కొండలా పెరిగాయి. తైవానువారి వైపు వేరుగా ఉంటున్న ముసలి దంపతులు చాలామంది, సొంత పొయ్యి ఉన్నందువల్ల, దాదాపు ఏ రాబడీ లేని కుటుంబాలుగా తేలారు. అలాంటి ఒక జంట ఉంటున్న ఇల్లు వాళ్ల ఇంజినీరు కూతురు కొనిచ్చినదని ఫారంలోనే ఉంది. కాని ఆమె పొయ్యి మరో నగరంలో ఉంది కదా. అందరూ అనుకునేదానికి వ్యతిరేకంగా ఉన్న తీర్మానం చేతికి దొరికితే వక్తకు కలిగే మత్తు మీకూ అనుభవమే. నివేదిక మొదటి వాక్యం నేనే రాశాను: "ఈ రెండు సమాజాల మధ్య పెద్ద అంతరం ఉందన్న ప్రచారంలో ఉన్న నమ్మకాన్ని మా పరిశీలన బలపరచడం లేదు." దాన్ని నాలుగుసార్లు పైకి చదువుకున్నాను.

నివేదిక పంపవలసింది శుక్రవారం. అంతకు ముందటి శనివారం అక్క టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, "రేపు మా యింటికి రా తమ్ముడా. అన్నం తినేసి పోదువు" అంది.

"ఏం విశేషం అక్కా?"

"ఏమీ లేదు. ఆదివారం."

నగరిలో వాళ్ల ఇల్లు బయటినుంచి పెద్దదే. లోపల ముందరి రెండు గదులనూ మరమగ్గాలు ఆక్రమించాయి. వాటిలో ఒకటి మాత్రమే ఆడుతోంది. మాట్లాడాలంటే గొంతు పెంచాలి. వెనుక సన్నని వంటగది. అక్క నన్ను దాని గుమ్మం పక్కన కూర్చోబెట్టింది.

"ఈడ కూసో. సూస్తా ఉండు. వాదించద్దు."

గోడ అరమీద మూడు బియ్యం డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఆ వారం వంట వంతు రెండో కోడలిది. ఆమె పొయ్యి మీద పెద్ద దబర పెట్టి నీళ్లు పోసింది. తన డబ్బాలోంచి పడి అనే కొలతపాత్ర నిండుగా కొలిచి బియ్యం కడిగే గిన్నెలో పోసింది. అక్క లేచివెళ్లి రెండో డబ్బాలోంచి తన పడి కొలిచి పోసింది. పెద్దకోడలు మగ్గాల గదిలోంచి వచ్చింది. మూడో డబ్బా మూత తీసి, పడిలో సగంవరకు కొలిచి, అరచేత్తో పైభాగం చదును చేసి పోసి వెళ్లిపోయింది. బియ్యం కడగడం, దబరలో వేయడం, మూత పెట్టడం జరిగిపోయాయి. ఆ మూత పడిన తరువాత ఎవరి బియ్యం ఎంతో చెప్పడం ఎవరి తరమూ కాదు.

"పెద్దక్క సగమే పోసిందేమక్కా?" అని మెల్లగా అడిగాను.

"నూలు రాలా. వాళ్ల మగ్గం నిలిచి పదిదినాలాయె. నేను పోస్తానంటే ఒప్పుకోదు. నూలొచ్చినాక ఎక్కువ పోసి సరిజేస్తుంది. అంతవరకూ సగమే."

"మరి తినేటప్పుడు?"

"తినేటప్పుడు అందరూ ఒకటే. పిలకాయలకు తెలియదు గూడా."

అటుపక్క మంచం మీద కూర్చున్న వాళ్ల అత్త అందుకుంది. "నా కాలంలో డబ్బా ఒకటే ఉండె నాయనా. ఇప్పుడు మూడైనాయి. పొయ్యిలు గూడా మూడు పెట్టుకుందురు, సోటు యాడుండాది? ఇల్లంతా మగ్గాలు తినేసినాయి."

అక్క నావైపు తిరిగింది. "ఇప్పుడు సెప్పు. నీ మూడు మాటల్లో మా డబ్బాలు యాడుండాయి?"

చర్చల్లో జవాబు దొరకనప్పుడు మంచినీళ్లు తాగి కాలయాపన చేయడం మనకు నేర్పుతారు. నేను చెంబు అందుకున్నాను. ఖాళీ చేసి కింద పెట్టాను.

"ఆ దినమే ఈ మాట చెప్పుండొచ్చు కదక్కా."

"సెప్పుంటే దానికీ ఏదో ఒక బదులు సెప్పుంటావు."

భోజనం దగ్గర అత్త నా ఆకులో మరికాస్త వడ్డిస్తూ, "మాటలు నేర్చిన పిలకాయ అన్నారు, ఏమీ మాట్లాడడే" అని కోడలిని అడిగింది. "తిననీ అత్తా, గమ్మున ఉండేది నేర్చుకుంటా ఉండాడు" అంది అక్క.

తిరుగు బస్సులో నేను చేసిన పనిని దాచకుండా చెప్పాలి. పుత్తూరు దాటేసరికి ఒక పాదసూచిక మనసులో సిద్ధం చేసుకున్నాను. "ఉమ్మడి వంట ఉన్న ఇళ్లను ఒకే కుటుంబంగా పరిగణించడమైనది, ఇందులో కొంత పరిమితి ఉండవచ్చు." ఎంత మర్యాదైన వాక్యం. పట్టికలు మార్చనక్కరలేదు, నివేదిక ఆలస్యం కాదు, నేను ఓడిపోనక్కరలేదు. వడమాలపేటలో బస్సు ఆగింది. జ్వరంతో ఉన్న ఒక ముసలాయనను ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకుని ఎక్కించింది. కండక్టరు అడిగిన ప్రతిదానికీ ఆయన తరఫున ఆమే సమాధానం చెప్పింది. రుయా ఆస్పత్రికి రెండు టిక్కెట్లు తీసుకుంది. కౌన్సిలు సభ్యులు నివేదికలో మొదటి వాక్యం చదువుతారు, పాదసూచికలు చదవరు. ఈ సంగతి తిరుపతి చేరేదాకా నాకు తెలియనట్లు నటించలేకపోయాను.

సోమవారం అందరికంటే ముందు వెళ్లి, ఫారాల చివరి పేజీలు తెరిచాను. సర్వే చేసినవారు తమకు తోచింది రాసే ఖాళీ అది. దానికి మా పట్టికలో గడి లేదు కాబట్టి మేము చదవలేదు. అక్క మొదట చూపించిన పదకొండుమంది ఇంటి ఫారం కింద ఇలా ఉంది: మూడు కుటుంబాలు, అద్దె ఒక్కరు భరించలేక కలిసి ఉంటున్నారు, బియ్యం బస్తాలు ఎవరివి వారికే, ఇంటి యజమాని ఇచ్చిన పొయ్యి ఒకటే. ఇంకో దాంట్లో, ఈ నెల తమ్ముడికి పని లేదు, అన్న పెడుతున్నాడు, వచ్చే నెల తీర్చాలి అని ఉంది. అలాంటివి మధ్యాహ్నంవరకు చదువుతూనే ఉన్నాను. నిజంగానే అన్నీ కలిపి బతుకుతున్న ఇళ్లూ ఉన్నాయి. కాని ఏది ఏదో ఆ పేజీ చదివితే తప్ప తెలియదు.

సారుకు జరిగినదంతా చెప్పాను. నగరి, డబ్బాలు, సగం పడి. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నగరిలో ఎన్ని ఇండ్లు రాసినానో" అన్నారు. "పోయిన ప్రతి ఇంట్లో అన్నం తినమన్నారప్పా. డ్యూటీలో తినగూడదని వచ్చేసేవాడిని. కూర్చుని తినుంటే తెలిసుండేది."

"సార్, నియమం మీది. కాని దాన్ని వాదించి నిలబెట్టింది నేను. అక్క వద్దన్నింది."

"అది సరే. ఇప్పుడేమి చేద్దాం?"

"తప్పు రాసినామని ఉత్తరం పంపి, దీవులవాళ్ల ఫారాలన్నీ మళ్లీ మొదటినుంచి ఎక్కిద్దాం. తైవానువాళ్లలో వేరుగా ఉండే పెద్దవాళ్లవి గూడా. శుక్రవారానికి కాదు. గడువు అడగాల."

"ఈ ఉత్తరం పోతే వచ్చే సర్వే మనకు రాదు. ఆఫీసు బాడుగకు గూడా కష్టమవుతుంది. తెలిసే అంటా ఉండావా?"

"తెలుసు సార్."

ఆయన అక్కవైపు చూశారు. ఆ జీతం ఆమె ఇంట్లో ఒక డబ్బాను నింపుతుందని ఇప్పుడు నాకు కూడా తెలుసు. ఆమె, "ఆ డెస్కులో ఇద్దరు ఆడోళ్లు ఉండారు గదా సార్. మన తప్పుకు వాళ్లను ఎత్తేస్తే ఎట్ల?" అంది.

సారు కళ్లజోడు పెట్టుకున్నారు. "రాయి. పొరపాటు జరిగిందని రాయద్దు. అదేదో దానంతటదే జరిగినట్టు. మేము చేసినామని రాయి."

నేను "నేను చేశాను" అని రాశాను. అక్క చదివి, దాన్ని "మేము"గా మార్చమంది. "నేను వద్దన్నాను, నిజమే. అయినా ఎక్కించింది నా చేతుల్తోనే గదప్పా." ఆమెతో మళ్లీ వాదించలేదు.

మరునాడు ఉదయం ఏడింటికి పరిశోధకురాలు తెరమీద కనిపించింది. వాళ్లకు అది ముందురోజు సాయంత్రం. ఆమె కోపగించుకోలేదు. కాని ముఖంలో స్నేహం లేదు. కౌన్సిలుకు కాగితాలు చేరవలసిన గడువు వచ్చే సోమవారమని, అంతకు మించి తన చేతిలో లేదని చెప్పింది. చివరి పేజీలు చదవకుండా పట్టికలు ఎలా వేశారని అడిగింది. పట్టికలో వాటికి గడి లేదు కాబట్టి వదిలేశామని ఒప్పుకున్నాం.

ఆ ఆరు రోజులూ నా ఉద్యోగ జీవితంలో హాయిగా గడిచిన రోజులు. నేను ఫారం పైకి చదివేవాడిని. అక్క కాస్త ఆలోచించి, "రెండు డబ్బాలు" అనో, "ఇది ఒకటే, సూడు, అన్నీ పెద్దామె చేతిలోనే ఉండాయి" అనో చెప్పేది. సారు ప్రతి నిర్ణయానికీ ఆధారం చివరి పేజీలో ఏ వాక్యమో రాయించేవారు. ఊహతో విడదీస్తే ముగ్గురం మూడు రకాలుగా విడదీస్తామన్న నా రెండో మాటను ఆయన అలా గౌరవించారు. మధ్యాహ్నం తిరుచానూరు వైపు నుంచి సారు పులిహోర పొట్లాలు తెప్పించేవారు. డ్యూటీలో తినడం ఆయన ఆ వారమే మొదలుపెట్టారు.

కొత్త పట్టికల్లో రెండు సమాజాలూ దూరంగా జరిగాయి. మనిషికి ఎంత వస్తోందని చూస్తే ఆ దూరం ఇంకా పెరిగింది. నా మొదటి వాక్యాన్ని కొట్టేశాను. దాని స్థానంలో సాదా వాక్యాలు రాశాం. దీవులవారి ఇళ్లలో ఒక్కొక్క కుటుంబం రాబడి చాలా తక్కువ. కలిసి ఉండడంవల్ల వాళ్లు పస్తులు తప్పించుకుంటున్నారు, కాని కలిసి ఉండడాన్ని సంపద అని లెక్కించకూడదు. తైవానువారి సగటు బాగుంది. అయినా వంటగదుల్లో పనిచేసేవారు ఆ సగటు వెనుక కనబడకుండా పోతున్నారు. ఒక్క వాక్యమూ చప్పట్లు కొట్టించుకునేది కాదు. ఆదివారం సాయంత్రం నివేదిక పంపాం.

సారు అన్నట్టే ఆ పరిశోధకురాలి తరువాతి సర్వే మరో ఊరి కార్యాలయానికి వెళ్లింది. చిన్నచిన్న పనులతో ఎనిమిది నెలలు నెట్టుకొచ్చి, సారు ఆ అంతస్తు ఖాళీ చేశారు. అక్క పుత్తూరులో ఒక ఆస్పత్రిలో రికార్డుల పని చూసుకుంటోంది; బస్సు ప్రయాణం సగానికి పైగా తగ్గిందని సంతోషం. నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. ఈ విషయంలో సారు జోస్యం ఫలించింది.

మీకు ఒక్క మాట చెప్పాలి. వాదించడం మానేయమని నేను అనడం లేదు. నా రెండో మాట ఇప్పటికీ సరైనదే. కాని "నాకు తోచలేదు" అని ఎదుటివారు అన్నప్పుడు, గెలిచామని కూర్చోకండి. ఏమి చూసినందువల్ల తోచలేదో అడగండి. ఆ రోజు నేను అడిగి ఉంటే నగరికి బస్సు ఛార్జీ మిగిలేది. భోజనం పోయేది, అది వేరే సంగతి.

నివేదిక పంపిన నెలన్నరకు పరిశోధకురాలి నుంచి ఒక చిన్న మెయిలు వచ్చింది. కౌన్సిలు డెస్కును కొనసాగించింది. మా కాగితం ఒక్కటే కారణం కాదనీ, దీవులవారు స్వయంగా వచ్చి మాట్లాడారనీ రాసింది. నేను పైకి చదివాను. సారు "మంచిది" అని టీ తెప్పించారు. అక్క మాత్రం తెరమీది మెయిలును మరోసారి చదివింది.

"ఆ ఇద్దరు ఆడోళ్లు జీతానికి ఉండారా, ఊరికే సేస్తా ఉండారా?"

మాకు తెలియదు. కొన్ని వందల ఫారాల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు. అడిగి చూద్దామని నేను అక్కడికక్కడే రాశాను. మర్నాడు పొద్దున జవాబు వచ్చింది: ఇన్నాళ్లూ ఒకరికే జీతం ఉండేది, ఈసారి ఇద్దరికీ ఇస్తున్నారు.

"అయితే సరే" అంది అక్క. టీ గ్లాసు పక్కకు జరిపి, అప్పుడు చేతిలో ఉన్న చిన్న సర్వేలో తరువాతి ఫారం తెరిచింది. ఈసారి చివరి పేజీతో మొదలుపెట్టింది.